ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ పనికి ఏ దారి మేలు: అప్‌వర్క్, ఫైవర్, ఏజెన్సీ, లేక నేరుగా క్లయింటు?

ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ పనికి గిరాకీ పెరుగుతోందన్న మాట నిజమే గాని, ఆ మాట చెప్పేటప్పుడు రెండు వేర్వేరు లెక్కలను కలిపేయటం మన దగ్గర అలవాటైపోయింది. 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులు (స్థిరమైన ఉద్యోగం కాకుండా పనికింత అని తీసుకునేవారు) ఉన్నారని, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరవచ్చని నీతి ఆయోగ్ 2022 జూన్‌లో వెలువరించిన నివేదికలో అంచనా వేసింది. అయితే ఆ లెక్కలో ఇంటింటికీ భోజనం చేరవేసేవారు, క్యాబ్ నడిపేవారు కూడా ఉన్నారు. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద చేసే పని సంగతి తెలియాలంటే ప్రపంచ బ్యాంకు 2023లో ప్రచురించిన అధ్యయనం ఇంతకంటే దగ్గరి ఆధారం. ప్రపంచం మొత్తం మీద ఆన్‌లైన్ గిగ్ పని చేసేవారు 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల దాకా ఉండవచ్చని అందులో లెక్కగట్టారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రూపొందించిన ఆన్‌లైన్ లేబర్ ఇండెక్స్ ప్రకారం ఈ పనిని అందరికంటే ఎక్కువగా చేసిపెడుతున్నది భారతీయులే, ఎక్కువగా ఇస్తున్నది అమెరికా సంస్థలే. కాబట్టి గిరాకీ పెరిగిందంటే దానితోపాటు పోటీ కూడా పెరిగిందని, ఆ పోటీలో పెద్ద భాగం మన దేశం నుంచే వస్తోందని అర్థం చేసుకోవాలి.

పైగా గిరాకీ అన్ని పనులకూ ఒకేలా పెరగలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత మామూలు వ్యాసాలు, ఉత్పత్తుల వర్ణనలు, సులువైన అనువాదాలు రాయించుకునేవారు తగ్గారు. ఉన్నవారు కూడా యంత్రం రాసినదాన్ని సరిదిద్దమని తక్కువ ధరకు అడుగుతున్నారు. వీడియో ఎడిటింగ్, ప్రకటనల నిర్వహణ, డేటా పని, సాఫ్ట్‌వేర్, అకౌంట్ల నిర్వహణ వంటివాటిలో, అంటే ఒకరు బాధ్యత తీసుకుని పూర్తి చేయవలసిన పనుల్లో, అవకాశం ఇంకా బాగానే ఉంది. కింది పోలిక అటువంటి పనితనం ఏదో ఒకటి ఇప్పటికే చేతిలో ఉండి, దాన్ని ఎక్కడ అమ్ముకోవాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం. పని ఇంకా నేర్చుకుంటున్నవారు వేదిక ఎంపిక గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు.

ఈ వేదికలను పోల్చేవారు సాధారణంగా కమీషన్ శాతం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న, క్లయింటును మీరు వెతుక్కుంటూ వెళ్లాలా, క్లయింటే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడా అన్నది. రెండోది, పని అప్పగించిన తరువాత డబ్బు రాకపోతే మధ్యలో పూచీ పడేవారు ఎవరు అన్నది. ఈ రెండింటికీ జవాబు తెలిశాక, ఖర్చులన్నీ పోను గంటకు బ్యాంకు ఖాతాలో ఎంత పడుతుందో లెక్క వేసుకుంటే, కమీషన్ శాతం ఒక్కటే చూసి తీసుకున్న నిర్ణయం ఎంత తరచుగా తలకిందులవుతుందో కనిపిస్తుంది.

అప్‌వర్క్: టెండరు పద్ధతి

ఇలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సంస్థలు విలీనమై 2015లో అప్‌వర్క్ అనే పేరు తీసుకున్నాయి. ఇక్కడ క్లయింటు తనకు కావలసిన పనిని ప్రకటిస్తాడు, ఫ్రీలాన్సర్లు ప్రపోజల్ పంపుతారు. ప్రపోజల్ పంపటం ఉచితం కాదు. దానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి, ఒక్కో కనెక్ట్ ధర 15 సెంట్లు. ఏ పనికి ఎన్ని కనెక్ట్స్ కావాలో వేదికే నిర్ణయిస్తుంది. మన ప్రపోజల్ పై వరుసలో కనిపించాలంటే మరిన్ని కనెక్ట్స్ పెట్టి వేలం పాడే ఏర్పాటు కూడా ఉంది. మొదటి నెలల్లో కొత్తవారి డబ్బు ఎక్కువగా కరిగిపోయేది ఈ వేలంలోనే, కనుక చేతిలో నాలుగైదు రివ్యూలు లేకుండా దాని జోలికి వెళ్లకపోవటం మంచిది.

రుసుము చాలాసార్లు మారింది. 2016 నుంచి ఒక క్లయింటుతో మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, తరువాత 10,000 డాలర్ల దాకా 10 శాతం, ఆపైన 5 శాతం తీసుకునేవారు. 2023లో దాన్ని అందరికీ 10 శాతం చేశారు. 2025 మే నుంచి కొత్త ఒప్పందాలకు సున్నా నుంచి 15 శాతం మధ్య పనినిబట్టి నిర్ణయిస్తున్నారు. ప్రపోజల్ పంపే ముందే ఆ శాతం తెర మీద కనిపిస్తుంది, ఒప్పందం ముగిసేదాకా మారదు. పాత యూట్యూబ్ వీడియోలు చూసి 20 శాతం పోతుందని భయపడేవారు, 5 శాతమే పోతుందని ఆశపడేవారు ఇద్దరూ ఉన్నారు కనుక ఈ చరిత్ర చెప్పవలసి వచ్చింది.

అప్‌వర్క్‌లో నిజమైన విలువ చెల్లింపుకు ఉన్న రక్షణలో ఉంది. గంటల లెక్కన చేసే పనిలో, వేదిక ఇచ్చే ట్రాకర్ పది నిమిషాలకు ఒకసారి మీ తెర బొమ్మ తీసి వర్క్ డైరీలో నమోదు చేస్తుంది. అలా నమోదైన గంటలకు, నిబంధనలన్నీ పాటించినట్టయితే, క్లయింటు మొండికేసినా డబ్బు వస్తుంది. చేత్తో నమోదు చేసుకున్న గంటలకు ఆ పూచీ లేదు. తెర బొమ్మలు తీయటం అవమానంగా భావించి ట్రాకర్‌ను ఆపేసి, చివరికి చేత్తో గంటలు రాసుకునే అనుభవజ్ఞులున్నారు. పాత క్లయింటు దగ్గర అది చెల్లవచ్చు, కొత్త క్లయింటు దగ్గర మాత్రం అనవసరపు సాహసం. మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకున్నప్పుడు క్లయింటు ముందుగా ఆ దశ (మైల్‌స్టోన్) డబ్బును ఎస్క్రోలో, అంటే పని పూర్తయ్యేదాకా వేదిక పట్టి ఉంచే ఖాతాలో, జమ చేస్తాడు. పని అప్పగించిన 14 రోజుల్లో అతను స్పందించకపోతే ఆ డబ్బు దానంతటదే విడుదలై, మరో ఐదు రోజుల నిలుపుదల తరువాత మీ చేతికి వస్తుంది. ఎస్క్రోలో జమ పడినట్టు కనిపించనిదే ఒక్క గంట పని కూడా మొదలుపెట్టకూడదన్నది ఇక్కడి మొట్టమొదటి క్రమశిక్షణ.

పని ప్రకటన మంచిదో కాదో తెలుసుకునే గుర్తులు అక్కడే ఉంటాయి: క్లయింటు చెల్లింపు విధానం ధ్రువీకరణ అయిందా, ఇంతకు ముందు ప్రకటించిన పనుల్లో ఎన్నింటికి మనిషిని నిజంగా తీసుకున్నాడు, సగటున గంటకు ఎంత ఇచ్చాడు, ఇప్పటికి ఎన్ని ప్రపోజల్స్ వచ్చాయి, ఎంతమందితో మాట్లాడుతున్నాడు. యాభైకి పైగా ప్రపోజల్స్ వచ్చిన పనికి కొత్తవారు కనెక్ట్స్ ఖర్చు పెట్టటం దండగ. మరో నిబంధన తప్పక గుర్తుంచుకోవాలి. అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింటుతో 24 నెలల పాటు చెల్లింపులు వేదిక ద్వారానే జరగాలి. బయటికి వెళ్లాలంటే విడిగా రుసుము కట్టాలి, చెప్పకుండా వెళితే ఖాతాయే పోతుంది.

ఫైవర్: దుకాణం పద్ధతి

2010లో ఇజ్రాయెల్‌లో మొదలైన ఫైవర్‌లో ఆదిలో ప్రతి పని ధరా ఐదు డాలర్లే. ఇప్పుడు ధర మనమే పెట్టుకోవచ్చు. ఇక్కడ ప్రపోజల్స్ పంపే పని లేదు. ‘గిగ్’ పేరుతో మీరు చేసే పనిని, దాని ధరను, ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఎన్నిసార్లు సవరిస్తారో రాసి పెడితే, వెతుక్కుంటూ వచ్చిన కొనుగోలుదారు డబ్బు ముందే కట్టి ఆర్డరు పెడతాడు. వేదిక మీ ఆదాయంలో 20 శాతం తీసుకుంటుంది. సంతోషించి ఇచ్చిన టిప్పులోనూ అదే వాటా. కొనుగోలుదారు దగ్గర వేరే సేవా రుసుము వసూలు చేస్తుంది. పని అప్పగించాక మూడు రోజుల్లో కొనుగోలుదారు అభ్యంతరం చెప్పకపోతే ఆర్డరు పూర్తయినట్టు లెక్క, ఆ తరువాత సాధారణ విక్రేతకు డబ్బు చేతికి రావటానికి 14 రోజులు పడుతుంది.

కొలతలు ముందే చెప్పగలిగిన పనులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది: పది నిమిషాల వీడియోకు సబ్‌టైటిల్స్, 500 పదాల వాయిస్ ఓవర్, ఒక లోగో, ఒక రెజ్యూమె, ఒక వెబ్ పేజీ వేగం పెంచటం. కొలత తెలియని పనికి ఇదే పద్ధతి శిక్షగా మారుతుంది. ‘అపరిమిత సవరణలు’ అని గిగ్‌లో రాసిపెట్టి, ఒకే లోగోను పదిహేను రంగుల్లో మార్చి ఇవ్వవలసి వచ్చిన డిజైనరుకు ఆ గంటలన్నీ లెక్కలోకి రావు. అందుకే సవరణలను రెండింటికి పరిమితం చేసి, ఆపై ప్రతి సవరణకూ విడిగా ధర పెట్టటం తప్పనిసరి.

ఫైవర్‌లో కష్టమంతా మొదటి ఆర్డరు రావటంలో ఉంది. రివ్యూ లేని గిగ్ వెతుకులాటలో కిందెక్కడో ఉంటుంది, కింద ఉన్న గిగ్‌కు ఆర్డరు రాదు, ఆర్డరు రానిదే రివ్యూ లేదు. బంధువుల చేత, మిత్రుల చేత దొంగ ఆర్డర్లు పెట్టించి దీన్ని దాటాలని చూసేవారి ఖాతాలు మూతపడుతున్నాయి. దానికి బదులు గిగ్‌ను బాగా సన్నగా చేయటం మేలు. ‘వీడియో ఎడిటింగ్’ అనే గిగ్‌కు వేలమంది పోటీదారులు. ‘తెలుగు పాడ్‌కాస్ట్ నుంచి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చిన్న వీడియోలు’ అనే గిగ్‌కు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు.

మరో రెండు వేదికలు

ఆస్ట్రేలియా నుంచి నడిచే ఫ్రీలాన్సర్ డాట్ కామ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిర్ణీత ధర పనుల మీద 10 శాతం లేదా 5 డాలర్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటుంది. అంటే 20 డాలర్ల చిన్న పనిలో నాలుగో వంతు పోతుంది. పైగా నిర్ణీత ధర పనిని అంగీకరించినప్పుడే రుసుము కోసుకుంటుంది, క్లయింటు డబ్బు ఇచ్చినప్పుడు కాదు. చిన్న పనులకు ధర తగ్గించుకుంటూ పోయే పోటీ కూడా ఇక్కడే తీవ్రంగా కనిపిస్తుంది. డిజైనర్లకు దాని పోటీలు అభ్యాసంగా పనికి రావచ్చు. మిగతావారికి నేను సిఫారసు చేయను.

టాప్‌టాల్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దరఖాస్తుదారుల్లో మూడు శాతాన్ని మాత్రమే తీసుకుంటామని అది చెప్పుకుంటుంది, వడపోత వారాల తరబడి సాగుతుంది, ఫ్రీలాన్సరు తన ధర తాను చెప్పుకుంటే సంస్థ తన వాటాను క్లయింటు మీద వేసుకుంటుంది. ఏడెనిమిదేళ్ల అనుభవం, ధారాళమైన ఇంగ్లీషు ఉన్న సాఫ్ట్‌వేర్ లేదా ఫైనాన్స్ నిపుణులు ప్రయత్నించవచ్చు. మొదటి ఉద్యోగంలో ఉన్నవారికి ఆ సమయం వేరేచోట పెట్టటమే లాభం.

తెలుగే మీ పనితనమైతే

అనువాదం, సబ్‌టైటిల్స్, గొంతు ఇవ్వటం, ఆడియోను అక్షరాల్లో పెట్టటం వంటి పనులు చేసేవారు పై వేదికలకంటే భాషా ఏజెన్సీల వైపు ముందు చూడాలి. విదేశీ ఏజెన్సీలకు తెలుగు పని చేసేవారిని వెతకటం కష్టం, అందుకని ఒకసారి నమ్మకం కుదిరితే ఏళ్ల తరబడి పంపుతూనే ఉంటారు. అనువాదకుల కోసం 1999 నుంచి నడుస్తున్న ప్రోజ్ డాట్ కామ్‌లో బ్లూ బోర్డ్ అనే విభాగం ఉంది. ఏ ఏజెన్సీ సకాలంలో డబ్బు ఇస్తుందో, ఏది ఎగ్గొడుతుందో తోటి అనువాదకులు అందులో రాస్తారు. పని ఒప్పుకునే ముందు ఆ పేజీ చూడకపోవటం పెద్ద పొరపాటు.

ఏజెన్సీ మార్గంలో కమీషన్ కనిపించదు, ఎందుకంటే అది క్లయింటు దగ్గర తీసుకున్న ధరకూ మీకిచ్చే ధరకూ మధ్య ఉన్న తేడాలోనే దాగి ఉంటుంది. ఎస్క్రో లేదు. ఇన్వాయిస్ పంపిన 30, 45, ఒక్కోచోట 60 రోజులకు డబ్బు వస్తుంది. కాబట్టి నెలవారీ ఖర్చులకు ఈ ఆదాయం మీదే ఆధారపడేవారు మొదటి మూడు నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని దిగాలి. ఉచిత పరీక్ష అనువాదం 250-300 పదాల దాకా అడగటం మామూలే. రెండు మూడు పేజీలు ఉచితంగా అడిగితే అది పరీక్ష కాదు, పనే.

మన దగ్గర ప్రత్యేకంగా ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో టైపు చేసినవారు భాషలో ఎంత గట్టివారైనా, ఏజెన్సీలు అడిగే యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) దగ్గర తడబడతారు. అనులో చేసి మార్పిడి సాధనంతో మార్చి పంపితే ఒత్తులు, సున్నాలు చెదురుతాయి, ఒక్క ఫైలుతోనే పేరు పోతుంది. ఇన్‌స్క్రిప్ట్ గాని, మరే యూనికోడ్ కీబోర్డు గాని నేర్చుకోవటానికి వెచ్చించే సమయం ఏ వేదికలో ప్రొఫైల్ దిద్దటంకంటే ముందు జరగవలసిన పెట్టుబడి. దానితోపాటు అనువాద సాధనం ఒకటి వచ్చి ఉండాలి. ట్రాడోస్, మెమోక్యూ కొనలేనివారు ఉచితంగా దొరికే ఒమేగాటీతో మొదలుపెట్టవచ్చు.

కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చేందుకు తెలుగు వాక్యాలు రాయించుకోవటం, మాటలు రికార్డు చేయించుకోవటం, యంత్రం ఇచ్చిన జవాబులను అంచనా వేయించుకోవటం ఇటీవల ఎక్కువైంది. ఏపెన్, టెలస్ వంటి సంస్థలు ఇటువంటి పని ఇస్తాయి. డబ్బు వస్తుంది గాని పని నిలకడగా ఉండదు. ఒక వారం చేతినిండా ఉండి, తరువాతి వారం ఒక్కటీ ఉండకపోవచ్చు. దీన్ని పక్క ఆదాయంగానే లెక్కించాలి.

నేరుగా క్లయింటు

మధ్యలో ఎవరూ లేని ఒప్పందంలో ధర అంతా మీదే, పూచీ కూడా అంతా మీదే. ముందుగా 30 నుంచి 50 శాతం అడ్వాన్సు, దశలవారీ చెల్లింపు, సవరణలకు హద్దు, ఈ మూడూ ఈమెయిల్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న తెలుగువారి రెస్టారెంటుకు, ట్యాక్స్ ఫైలింగ్ కార్యాలయానికి, సంగీత పాఠశాలకు వెబ్‌సైటు, పోస్టర్లు, అకౌంట్లు చేసిపెట్టే పనులు పరిచయాల ద్వారా దొరుకుతాయి. ఇక్కడ చిక్కల్లా మొహమాటమే: బాబాయి గారి స్నేహితుడి దగ్గర అడ్వాన్సు ఎలా అడుగుతామని ఊరుకున్న పనికే చివరి వాయిదా రాదు. పరిచయం చేసినవారి సమక్షంలోనే షరతులు చెప్పేస్తే తరువాత ఇబ్బంది ఉండదు.

భారతీయ క్లయింటు డబ్బు ఆపితే చాలామందికి తెలియని చట్టపు అండ ఒకటుంది. కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకున్న సేవాదారుకు, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది, ఆ చట్టం కింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ సంఖ్య ముద్రించటంతోనే కొన్ని బకాయిలు కదులుతాయి. పని మొదలుకాకముందే నమోదు అయి ఉండటం ముఖ్యం. విదేశీ క్లయింటు మీద ఈ చట్టం పని చేయదు.

వంద డాలర్లలో మిగిలేదెంత

ఒక వంద డాలర్ల పని తీసుకుందాం. అప్‌వర్క్ రుసుము 10 శాతమైతే 10 డాలర్లు పోతాయి. జీఎస్టీ నమోదు లేనివారికి ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 1.80 డాలర్లు. ఇక్కడి బ్యాంకుకు తెచ్చుకోవటానికి బదిలీకి 99 సెంట్లు. 87 డాలర్లు మిగిలినట్టు కనిపిస్తుంది. అయితే ఒక్కో ప్రపోజల్‌కు 12 కనెక్ట్స్ పట్టి, పదింటిలో ఒకటి ఫలించిందనుకుంటే, ఆ ఒక్క పని కోసం 120 కనెక్ట్స్, 18 డాలర్లు ముందే ఖర్చయ్యాయి. మిగిలింది 69. అదే పని ఫైవర్‌లో వస్తే 20 డాలర్లు పోయి, పేయోనీర్ వంటి మార్గంలో తెచ్చుకునేటప్పుడు రెండు శాతం పోయినా 78 మిగులుతుంది. కమీషన్ రెట్టింపు తీసుకునే వేదికే ఇక్కడ నెగ్గింది.

అదే క్లయింటు రెండోసారి పని ఇస్తే లెక్క తిరగబడుతుంది. అప్‌వర్క్‌లో ఈసారి కనెక్ట్స్ ఖర్చు లేదు కనుక 87 వస్తుంది, ఫైవర్‌లో మళ్లీ 78 మాత్రమే. మొదటి పనే వెయ్యి డాలర్లదైతే కనెక్ట్స్ పోనూ అప్‌వర్క్‌లో సుమారు 863, ఫైవర్‌లో 784. కాబట్టి మీ పని ఒక్కసారితో ముగిసేదా, నెలనెలా తిరిగి వచ్చేదా అన్నది తేల్చుకుంటే వేదిక ఎంపిక సగం అయిపోయినట్టే. నేరుగా వచ్చే క్లయింటు దగ్గర పేపాల్ ద్వారా తీసుకుంటే రుసుము, మారకపు రేటులో కోత కలిపి ఏడెనిమిది శాతం దాకా పోవచ్చు. బ్యాంకు నుంచి బ్యాంకుకు వచ్చే స్విఫ్ట్ బదిలీలో మధ్య బ్యాంకులు ఒక నిర్ణీత మొత్తం కోసుకుంటాయి, కనుక అది పెద్ద మొత్తాలకు చవక, వంద డాలర్లకు దండగ. 2021 ఏప్రిల్ నుంచి భారతదేశం లోపలి చెల్లింపులకు పేపాల్ పని చేయదు. విదేశీ డబ్బు అందుకోవటానికి మాత్రమే అది ఉంది.

పన్ను సంగతి

ఏ దారి ఎంచుకున్నా పాన్ కార్డు వివరాలు ముందే ఇవ్వాలి. ఇంజనీరింగ్, సాంకేతిక సలహా, ఐటీ, అకౌంటెన్సీ వంటి నిర్దిష్ట వృత్తులవారికి ఆదాయపు పన్ను చట్టం 1961లో 44ఎడిఎ సెక్షనుగా ఉన్న ఏర్పాటు పెద్ద సౌకర్యం: వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపి, ఖర్చుల లెక్కలు చూపనక్కరలేకుండా పన్ను కట్టవచ్చు. రాబడి పరిమితి 50 లక్షలు. నగదు వసూళ్లు ఐదు శాతం మించకపోతే 75 లక్షలు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక పాత సంఖ్యతో వెతికితే తికమక పడవచ్చు. అనువాదం, కంటెంట్ రచన ఆ వృత్తుల జాబితాలో పేరు పెట్టి లేవు. ఆ పని చేసేవారు చార్టర్డ్ అకౌంటెంటును అడిగి నిర్ణయించుకోవటం క్షేమం. భారతీయ కంపెనీలు మీ ఫీజులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసి ఇవ్వవచ్చు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుని రిటర్నులో సర్దుబాటు చేసుకోవలసినది.

సంవత్సరపు రాబడి 20 లక్షలు దాటనంతవరకు విదేశీ క్లయింట్లకు సేవలందించినా జీఎస్టీ నమోదు అక్కరలేదు. దాటితే నమోదు చేసుకుని, ప్రతి ఏటా ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేస్తే ఎగుమతి సేవల మీద పన్ను సున్నా. అయితే డబ్బు విదేశీ మారకద్రవ్యంలో వచ్చిందని చూపే బ్యాంకు పత్రం ఉండాలి. అమెరికా క్లయింటు తన ఇక్కడి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయుల రూపాయల ఖాతా) నుంచి రూపాయల్లో పంపితే అది సులువుగా కనిపిస్తుంది గాని, ఎగుమతి ఆదాయమని నిరూపించటం కష్టమవుతుంది.

తలుపు దగ్గరే ఆపవలసినవి

గిరాకీ పెరిగిన చోట మోసమూ పెరిగింది. టెలిగ్రామ్‌లో పరిచయమై, హోటళ్లకు రేటింగు ఇస్తే రోజుకు ఇంత అని మొదట కొద్దిగా డబ్బు పంపి, తరువాత ‘ప్రీపెయిడ్ టాస్కు’ పేరుతో మీ దగ్గరే డిపాజిట్లు తీసుకునేది ఏ రకంగానూ ఫ్రీలాన్స్ పని కాదు. డేటా ఎంట్రీ పేరుతో ఒప్పంద పత్రం మీద సంతకం చేయించుకుని, తప్పులు ఎక్కువయ్యాయంటూ వకీలు నోటీసు పంపి డబ్బు గుంజే పద్ధతి మరొకటి. ఆ నోటీసుకు బెదిరి డబ్బు కట్టకూడదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బును ఖాతాల్లో ఆపే అవకాశం తగ్గిపోతుంది. మీ అప్‌వర్క్ ఖాతాను నెలకు ఇంత చొప్పున అద్దెకు ఇమ్మని అడిగేవారు ఇప్పుడు నేరుగా సందేశాలు పంపుతున్నారు. ఆ ఖాతాతో వాళ్లేం చేసినా, గుర్తింపు పత్రాల్లో ఉన్న పేరు మీది.

ఎవరికి ఏది

కాలేజీలో ఉండి డిజైన్ లేదా వీడియో పని వచ్చినవారు ఫైవర్‌లో రెండు సన్నటి గిగ్‌లతో మొదలుపెట్టవచ్చు. ఖర్చు లేదు, వేచి ఉండే ఓపిక వారికే ఎక్కువ. రెండు మూడేళ్ల అనుభవమున్న డెవలపర్లు, అకౌంటెంట్లు, ప్రకటనలు నడిపేవారు నెలకు కనెక్ట్స్ కోసం ఒక నిర్ణీత మొత్తం కేటాయించుకుని అప్‌వర్క్‌లో గంటల పని వెతకాలి, ఆ మొత్తం దాటితే ఆ నెలకు ఆపేయాలి. పగలు ఇంటిపని, పిల్లల బడి సమయాలు చూసుకోవలసిన తల్లులకు అమెరికా క్లయింటుతో రోజూ మాట్లాడవలసిన పని బాధాకరమే. న్యూయార్కుకూ మనకూ కాలాన్నిబట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల తేడా ఉంది. వారికి ఆస్ట్రేలియా, బ్రిటన్ క్లయింట్లు లేదా మాటలతో పని లేని ఏజెన్సీ అనువాదం నయం. భాష వచ్చి కంప్యూటరు అలవాటున్న విశ్రాంత ఉపాధ్యాయులకు, పాత్రికేయులకు యూనికోడ్ నేర్చుకుంటే ఏజెన్సీ మార్గమే అన్నింటికంటే మర్యాదైనది.

ఉద్యోగం చేస్తూ పక్కన ఫ్రీలాన్స్ చేయాలనుకునేవారు వేదికకంటే ముందు తమ నియామక పత్రం చదవాలి. పోటీ సంస్థలకు పని చేస్తున్నారన్న కారణంతో విప్రో 2022లో 300 మందిని తొలగించింది. మీ పత్రంలో బయటి పనికి నిషేధం ఉంటే మానవ వనరుల విభాగం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆ అనుమతి వచ్చేదాకా బహిరంగంగా కనిపించే ప్రొఫైల్ ఎక్కడా తెరవకండి, కంపెనీ లాప్‌టాప్ మీద ట్రాకర్ అసలే పెట్టకండి.